పెళ్ళిచేపకి ఏ లైటు

బెంగాలీల భవానీపూర్, చేపల బజారు. మధ్యాహ్నం మూడున్నర, బేరాల్లేని వేళ. రఘురాం కొట్లో అరుగు నిండా మంచు, మంచు మీద ఒకే ఒక్క శీలావతి చేప. పక్కన నిచ్చెన మీద, పళ్ళ మధ్య రెండు స్క్రూలు కరిచిపట్టుకుని, ఎలక్ట్రీషియన్ సత్యం.

"తప్పని నాననలేదు బాబూ. ఎందుకు తెచ్చేవని అడుగుతన్నాను. ఎవుడు తెమ్మన్నాడు నిన్ను?"

"ఎవరూ తెమ్మనలేదు బాబాయ్. ఎజ్రా స్ట్రీట్ లైట్ల బజారుకెళ్ళాను. స్ట్రిప్ లైట్లు కావాలన్నాను. మూడు రకాలు ముందు పడేశాడు. అన్నిట్లోకీ పెద్దది తెచ్చుకున్నాను. అందులో తప్పేముంది?"

"పెద్దదని ఎలగ తెలిసింది?"

"రోలు మీద నంబరుందిగా. ఒకదాని మీద ముప్ఫై ఐదు ఇరవై ఎనిమిది. ఇంకోదాని మీద ఇరవై ఎనిమిది ముప్ఫై ఐదు. దీని మీద యాభై యాభై. ఐదువేల యాభై బాబాయ్! ఆ మూడువేల చిల్లర ఎక్కడ, ఇదెక్కడ?"

"ఐదువేలు ఏటి?"

"ఏంటంటే... వెలుగు."

"వెలుగు?"

"వెలుగుకీ ఏదో కొలతుంటది కదేంటి."

"నవ్వించకు. నోట్లో స్క్రూలున్నాయి, మింగెస్తాను."

"నవ్వెందుకు బాబాయ్? చేప చూడు. కిలో చేపకి ఒక రేటు. మూడు కిలోలదైతే ఇంకో రేటు. ఐదు దాటిందా, కిలోకి మళ్ళీ పెరుగుద్ది. పెద్దదైన కొద్దీ సరుకు మంచిదన్నమాటేగా. లైటూ అంతేననుకున్నా."

"చేపలోడివి, చేపలోడి లెక్కే వేసేవు. ఉండు, దిగుతాను. నిచ్చెన పట్టుకో. నన్ను కాదు, నిచ్చెన."

"పట్టుకున్నా."

"ఇదిగో, ఈ పట్టీ మీద పసుపుపచ్చ బిళ్ళలున్నాయి సూడు. ఒక్కోదాన్నీ చిప్పు అంటారు. ఆ నంబరు వెలుగుది కాదు. ఈ బిళ్ళ కొలత. ఐదు మిల్లీమీటర్ల పొడుగు, ఐదు మిల్లీమీటర్ల వెడల్పు. ఐదు పాయింటు సున్నా, ఐదు పాయింటు సున్నా. పాయింట్లు ఎగరగొట్టేసి అంకెలు దగ్గరకి తోసేరు. అంతే."

"ఐదువేలు కాదా?"

"కాదు."

"అసలు వేలే కాదా?"

"వేలూ కాదు, వందలూ కాదు. బిళ్ళ పొడుగు, బిళ్ళ వెడల్పు. ఆ ముప్ఫై ఐదు ఇరవై ఎనిమిదుంది కదా, అది మూడున్నర మిల్లీమీటర్లకి రెండు పాయింటు ఎనిమిది."

"మరి ఇరవై ఎనిమిది ముప్ఫై ఐదు? తిరగేస్తే అదే కదా ఇది!"

"కొలతకి అదే. లోపల సరుకు వేరు. ఒకే పొడుగు చేపలు రెండున్నాయనుకో. ఒకటి ఉత్త ముళ్ళు. ఇంకోటి అంతా కండ. తూస్తే గాని తెలీదు. ముప్ఫై ఐదు ఇరవై ఎనిమిది పాతకాలంది, గుడ్డి వెలుగు. ఈ రెండోది తరవాత వచ్చింది. అదే కరెంటుకి ఎక్కువ వెలుగిస్తది. అడుగున రేకు వెడల్పు, వేడి తొందరగా దిగిపోద్ది."

"అయితే చిన్న బిళ్ళే పెద్ద బిళ్ళకంటే వెలుగంటావా?"

"అనొచ్చు, అనకపోవచ్చు. మీటరుకి ఎన్ని బిళ్ళలు కుట్టేరు, అరవయ్యా, నూట ఇరవయ్యా? మీటరుకి ఎన్ని వాట్లు? అవి సూడాల. ఒట్టి బిళ్ళ సైజు సూసి కొనడమంటే చెప్పు సైజు సూసి మనిషి నడక చెప్పడమే."

"నువ్విన్ని చెప్తున్నావు, ఆ కొట్టువాడు ఒక్క ముక్క చెప్పలేదు."

"నువ్వడిగేవా?"

"...లేదు. అడిగితే తెలీదనుకుంటాడని."

"తెలీదు కదా."

"తెలీదనుకో. అదెందుకు తెలియాలి వాడికి?"

"బాగుంది. మరి ఈ యాభై యాభై బిళ్ళకి అంత గూడెందుకో తెలుసా? లోపల మూడు గదులున్నాయి. నువ్వు తెచ్చినదాన్లో ఒక గదిలో ఎరుపు, ఒకదాన్లో పచ్చ, ఒకదాన్లో నీలం. రంగులు మార్చుకునే సరుకిది. పూజా పందిళ్ళకి కడతారు, డాన్సు హాళ్ళకి కడతారు. చేపల కొట్టుకి రంగులేటికి? తిరిగిచ్చెయ్. తెల్లది తెచ్చుకుందాం."

"వద్దు."

"వద్దేటి?"

"రంగులే కావాలి. అంటే... ఒక్క రంగే. ఎరుపు."

"ఎరుపెందుకు?"

"ఊరికే."

"రఘురాం."

"ఊరికే అంటున్నా కదా బాబాయ్."

"ముప్ఫయ్యేళ్ళ నుంచి ఈ ఊళ్ళో లైట్లు బిగిస్తన్నాను. స్వీటు కొట్టోడు పసుపు అడుగుతాడు, రసగుల్లాకి కాదు, లడ్డూకి. బంగారం కొట్టోడూ పసుపే. వెండికైతే తెలుపు. ఊరికే రంగడిగినోణ్ణి నాను సూణ్ణేదు."

"మొప్పలు ఎర్రగా కనపడాలి బాబాయ్. సరేనా?"

"మొప్పలు ఎర్రగానే ఉన్నాయి. వచ్చేటప్పుడే సూసేను. నిక్షేపంలాగుంది చేప."

"ఉన్నాయి. ఇంకొంచెం ఎర్రగా."

"ఇంకొంచెం ఎరుపంటే సింధూరం రాసుకో."

"అది వాళ్ళే రాస్తారు."

"ఎవరు?"

"పెళ్ళివారు. ఐదింటికి అభిజిత్ బాబని వస్తాడు, నిన్న ఫోన్ చేశాడు. కొడుకు పెళ్ళి. పసుపునాడు పెళ్ళికూతురింటికి సారె పంపుతారంట కదా, అందులోకి చేప కావాలంట."

"ఓలమ్మ! పెళ్ళిచేపా? చీర కట్టి పంపేదా?"

"అదే. చీరంట, ముక్కుపుడకంట, నెత్తిన సింధూరమంట. మా ఊళ్ళో చెప్తే నవ్వారు. మా ఆవిడ రాణైతే, నాక్కట్టడానికి చీర తెమ్మంటే తేవు గాని చేపకి కడతారా అంది."

"నవ్వకూడదు బాబూ. అది లక్ష్మి వీళ్ళకి. ఆ చేప పళ్ళెంలో పెట్టుకుని వీధిలో ఎల్తంటే అందరూ వాకిళ్ళలోకి వచ్చి సూస్తారు. ఎవరి కొట్లో కొన్నారని అడుగుతారు."

"అదీ! అదే బాబాయ్ నాక్కావాల్సింది. రెండేళ్ళయింది ఈ అరుగెక్కి. ఒక్కడంటే ఒక్కడు నా పేరు చెప్పి రాడు. ఆంధ్రా కొట్టు అంటారు. చేప ఎత్తి చూసి, చలానీయా అని అడిగి, మళ్ళీ పడేసి పోతారు."

"చలానీయే కదా. బయటినుంచి లారీలో, మంచులో వచ్చిందాన్ని ఇక్కడ చలానీ అనే అంటారు."

"అనేటప్పుడు ముక్కు చూడు, ఎలా పెడతారో! మేం పెంచిన చేప ఎవరు తింటున్నారు ఈ ఊళ్ళో? వీళ్ళే. పక్క కొట్లో కొంటారు, వాడూ మా లారీ సరుకే దించుతాడు, పొద్దున్న నా కళ్ళముందు. వాడు ఇక్కడి చెరువుదంటే నమ్ముతారు. నేనంటే నమ్మరు. ఒక్క పెళ్ళిచేప, ఒక్కటంటే ఒక్కటి నా కొట్లోంచి వెళ్ళిందా, ఇక ఎవడూ ఆ మాటనడు."

"అయితే ఇది ఎక్కడి చేప?"

"ఏది?"

"ఈ మంచు మీద పడుకున్నది. ఇంకోటేదుంది?"

"ఆకివీడు."

"మరి బాబుకేటని చెబుతావు?"

"అడిగితే కదా. ఎర్రగా, నిగనిగలాడిపోతా కనపడితే అడగడు."

"అడిగితే?"

"నువ్వు లైటు బిగించు బాబాయ్."

"బిగిస్తాను, నాదేం పోయింది. అరుగు రెండు మీటర్లు. నువ్వు ఐదు మీటర్ల రోలు తెచ్చేవు. కత్తెరియ్యి... ఆగాగు! నువ్వు కొయ్యకు. చేపముక్కలనుకున్నావేటి, ఎక్కడ పడితే అక్కడ నరకడానికి? ఈ కత్తెర బొమ్మున్న గీత దగ్గరే తెంపాల. మూడు బిళ్ళలకో గీత. మద్దిలో తెంపితే ఆ ముక్క చచ్చిపోద్ది."

"ఇక్కడా?"

"అక్కడే. తడి చేతుల్తో పట్టుకోకు. నీళ్ళు చిమ్మే చోటు కదా, మీద జిగురు పొరున్నది తెచ్చేవో నేదో... ఉంది. ఇదొక్కటీ బాగా చేసేవు."

"వాడే ఇచ్చాడు."

"అదే అనుకున్నాను."

"బాబాయ్, ఆ చుక్కలు చేప మీద కనపడతాయా? వెలిగినప్పుడు? పక్క కొట్లో అలాగే పొలుసు మీద చుక్కలు చుక్కలుగా పడతాయి. అమ్మవారు పోసినట్టుంటది చేపకి."

"కనపడతాయి. తడి పొలుసు అద్దం కదా. చుక్కల్లేకుండా కావాలంటే ఇంకో రకముంది. కాబ్ అంటారు. బిళ్ళల్నే సన్నగా చేసి, సందు లేకుండా అంటించేస్తారు. జన చేప పొట్ట కోస్తే గుడ్లెలగుంటాయి? ఒకదాన్నొకటి అతుక్కుని, ఏది ఎక్కడ మొదలో తెలీకుండా. అలగ. వెలుగు గీత గీసినట్టొస్తది."

"అది చెప్పాడు కాదే వాడు!"

"నువ్వడగలేదు కదా."

"మళ్ళీ అదేనా."

"ఇదిగో, నా సంచిలో రెండు మీటర్ల తెల్లదుంది. ఇరవై ఎనిమిది ముప్ఫై ఐదు. మీటరుకి నూట ఇరవై. మొన్న మందుల షాపులో మిగిలింది. ఒకసారి ఆనించి చూపిస్తాను. నచ్చకపోతే నీ ఎరుపు నీదే. వైరందుకో. ఆ డబ్బా కాదు, నల్లది. పన్నెండు వోల్టులది. ఆఁ. ఇప్పుడు సూడు."

"ఉండు బాబాయ్, చేపని ఇటు తిప్పనీ."

"ఏటి, ఎలగుంది?"

"బాగుంది."

"బాగుందా?"

"తెల్లారగట్ల చెరువులోంచి వల లాగితే ఇలాగే ఉంటది బాబాయ్. గట్టు మీద పడేసినప్పుడు. ఇదే వెండి. తోక దగ్గర ఇదిగో, ఈ కొంచెం రాగిరంగు. ఇక్కడి బల్బు కింద రెండేళ్ళలో ఒక్కనాడూ కనపళ్ళేదు నాకు."

"ఉన్నది ఉన్నట్టు చూపిస్తది. ఇదుంచెయ్యనా?"

"వద్దు."

"ఇంత చెప్పి వద్దేటి?"

"ఉన్నదున్నట్టు చూపిస్తే కనిపెట్టేస్తాడు బాబాయ్. మా ఊరి చేపని చూడగానే నేను గుర్తుపట్టాను కదా!"

"నువ్వు గుర్తుపట్టేవు. నువ్వు మేపినోడివి. ఆ బాబు మేపేడా?"

"బెంగాలీలకి చేప సంగతి చెప్పాలా? తీసెయ్. ఎరుపు పెట్టు."

"ఒక మాట చెబుతాను, తిట్టుకోకు. మా తాత పలాస నుంచి వచ్చి షాలిమార్ గూడ్సు యార్డులో మూటలు మోసేడు. మా అయ్య అక్కడే పుట్టేడు. నానక్కడే పుట్టేను. అయినా ఇక్కడోళ్ళు నన్ను మీదే ఊరంటారు. నానిక్కడ పుట్టి ఆంధ్రావోణ్ణయ్యేను. నీ చేప ఆంధ్రాలో పుట్టి ఇక్కడిదవుతానంటంది. దానికున్న తెలివి నాకు నేకపోయింది."

"చేపకి లారీ కిరాయి ఇచ్చాను బాబాయ్. నీకెవరిచ్చారు?"

"అదీ నిజమే."

"ఎన్నయింది టైము?"

"నాలుగూ నలభై. అంటించేస్తన్నాను. ఆ రిమోటు నొక్కు."

"ఏది?"

"ఎర్ర బొత్తం. ఎర్ర బొత్తం అంటే... అది పచ్చ! ఓరి నాయనో, చేపకి పాచి పట్టినట్టుంది."

"ఇదా?"

"అది నీలం. వారం నాటి చేపయిపోయింది. ఆపు, ఆపు!"

"ఆగట్లేదు బాబాయ్, తానే మారిపోతంది! ఊదా... పసుపు... అయ్ బాబోయ్, మిణుకుమిణుకుమంటంది!"

"డాన్సు బొత్తం నొక్కేవు. చేప లేచి ఆడుద్దిప్పుడు. ఇటియ్యి. ఇదిగో, ఎరుపు."

"మరీ ఎక్కువైంది. నెత్తురు కక్కుకున్నట్టుంది. కొంచెం తగ్గించు... ఇంకొంచెం తెలుపు కలుపు... అద్దీ! గులాబీ. అలా ఉండనీ. మొప్పెత్తి చూడు బాబాయ్, ఎలాగుందో!"

"మందారంలాగుంది."

"కదా!"

"మంచు కూడా మందారంలాగే ఉంది."

"మంచెవడు చూస్తాడు?"

"వస్తన్నాడు చూడు ఎవరో. తెల్ల చొక్కా, గొడుగు. ఇతగాడేనా?"

"ఆయనే అయ్యుంటాడు. నువ్వు నిచ్చెన మీదుండు. మాట్లాడకు."

అక్కణ్ణుంచి మాటలు బెంగాలీలో నడిచాయి, సత్యం గొణిగినవి తప్ప. రెండేళ్ళలో నేర్చిన బెంగాలీని రఘురాం ఆ రోజు ఒళ్ళంతా నోరు చేసుకుని మాట్లాడాడు.

"నమస్కారం. రఘురాం అంటే మీరేనా దాదా?"

"నేనేనండి. రండి అభిజిత్ బాబూ, రండి. నేల తడి, జాగ్రత్త."

"ఇదేమిటి, గులాబీ వెలుగు? ఒక్క క్షణం నాటకానికొచ్చానేమో అనుకున్నాను."

"పెళ్ళిచేప కదండీ. ముస్తాబు."

"ఓహో. ఇదేనా? ఎంతుంటుంది?"

"ఆరున్నర కిలోలు. తూచి చూపిస్తాను. మొప్పలు చూడండి, మొప్పలు చూడండి ముందు."

"ఎర్రగా ఉన్నాయి."

"ఉన్నాయా!"

"నా చెయ్యి కూడా ఎర్రగానే ఉంది. చొక్కా కూడా. ఇంట్లో తెల్ల చొక్కా వేసుకునే బయల్దేరాను."

"అది... లైటండి, కొత్తది. యాభై యాభై చిప్పు. మంచి రకం."

"పర్వాలేదు. కన్ను చూశాను, నిండుగా ఉంది. కండ గట్టిగా ఉంది. లైటెలా ఉన్నా వేలు అబద్ధమాడదు. చాలా మంచి చేప. ఎక్కడిదిది?"

"అంటే?"

"ఏ ఊరి చెరువుదని."

"ఇక్కడిదేనండి."

"ఇక్కడిదంటే?"

"నైహాటీ వైపు. తెలిసినాయన చెరువు. పొద్దున్నే పట్టింది."

"ఆంధ్రాది కాదా?"

"ఛఛ!"

"లేదు, చూస్తే అలా అనిపించి అడిగాను. తల కొంచెం చిన్నగా, ఒళ్ళు లావుగా..."

"అదేనండి, నైహాటీవి కూడా ఈ మధ్య అలాగే వస్తున్నాయి. బాగా మేపుతున్నారు."

*"ఒరే రఘురాం, చాలించరా. ఒట్టెయ్యకు."*

"ఆయనేమంటున్నారు?"

"లైటు గురించండి. వేడెక్కుతుందేమో చూడాలంటున్నాడు."

"మీరిద్దరూ తెలుగువాళ్ళేగా?"

"అవునండి. అందుకేగా చెప్తున్నాను! నాకు తెలియదా ఆంధ్రా చేప? కళ్ళు మూసుకుని వాసన చూసి చెప్తాను. ఆంధ్రా చేపని ఈ అరుగెక్కనివ్వను."

"ఒక్కటి కూడా లేదా? లోపల పెట్టెలో?"

"వెతుక్కోండి కావాలంటే."

"నిజంగా?"

"గంగమ్మతల్లి మీద ఒట్టండి."

*"అయిపోయింది."*

"మళ్ళీ ఏమిటి?"

"బిగించడం. బిగించడం అయిపోయిందంటున్నాడు. కట్టించమంటారా బాబూ? అరిటాకు పరిచి, మంచు పోసి, నేనే పట్టుకొచ్చి ఇంట్లో దింపుతాను."

"వద్దులెండి. వస్తాను."

"అదేంటండీ! చేప బాగాలేదా?"

"ఇంతకంటే మంచి చేప ఈ పూట నేను చూడలేదు."

"రేటా? రేటు మీరే చెప్పండి. మీరెంతంటే అంత. మొదటి పెళ్ళిచేప, మీ చేత్తో బోణీ."

"రేటు కాదు దాదా. మీరేమో ఇక్కడిదని ఒట్టేశారు."

"వేశాను. మళ్ళీ కావాలన్నా వేస్తాను. ఇక్కడిదైతే మంచిదే కదండీ?"

"పెళ్ళికూతురు మీవైపు పిల్ల. మహిత అని, ఆకివీడు. వాళ్ళ నాన్నకి చేపల చెరువులున్నాయి. వాళ్ళ ఊరి చేపకి మన చీర కట్టి పంపుదామని మా ఆవిడ మూడు నెలల్నించీ చీర కొని దాచింది. నాలుగు రోజులుగా ఏ కొట్లో అడిగినా మాది ఇక్కడి చేపేనని ఒట్లేస్తున్నారు. చివరికి ఎవరో, ఆంధ్రాయన కొట్టొకటుంది, అక్కడైతే నిజం చెప్తారని పంపిస్తే వచ్చాను."